లీకు డబ్బా

ప్రియమైన పిన్నీ,

ఇల్లు చేరాను. బస్సులో వాంతి కాలేదు. అమ్మ నమ్మలేదు. నువ్వేమో ల్యాబు వదిలి మళ్ళీ సిగ్నల్ లేని డ్రిల్లింగు క్యాంపుకి వెళ్ళిపోయావు. ఆఫీసుకి పోస్టు చేస్తే నీళ్ళ ట్యాంకరులో నీకు చేరుస్తారన్నావు కదా, అందుకని రాస్తున్నా. తెలుగులో ఇంత పొడుగు రాయడం నాకు అలవాటు లేదు. ఒత్తులు తప్పితే నవ్వకు.

నీ దగ్గర సెలవులు ఎలా గడిచాయని అమ్మ అడిగింది. "బాగా" అన్నాను. "బాగా అంటే?" "అంటే బాగానే." అక్కడితో నా మాటలైపోయాయి. నువ్వు నన్ను ముంగి అనడంలో తప్పేం లేదు.

ఒక డౌటు పిన్నీ. ఊరికే, సైన్సు ప్రాజెక్టు కోసం. నువ్వు చెప్పింది గుర్తుంది. భూమి లోపలి నుంచి నల్ల షేల్ రాయిని పైకి తీయగానే అందులో గ్యాసు పోతూ ఉంటుంది, అందుకని వెంటనే స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. ఆ డబ్బాని వేడినీళ్ళ తొట్టిలో ఉంచుతారు, భూమి లోపల ఎంత వేడి ఉంటుందో అంతే వేడిలో. అప్పుడు రాయి మెల్లగా వదిలే గ్యాసుని కొలిచి, కింద ఎంత ఉందో లెక్కేస్తారు. మరి ఆ నీళ్ళు కాసేపు చల్లబడితే? రాయికి తెలుస్తుందా? మళ్ళీ వేడి చేసేస్తే సరిపోతుందా?

జవాబుకి తొందరేం లేదు. అంటే, తొందరగా ఇచ్చినా పరవాలేదు.

నీ
ముంగి

*

నా బంగారు ముంగీ,

నీ ఉత్తరం ట్యాంకరులో తడిసి ముద్దయి వచ్చింది. ఆరబెట్టి చదివాను. ఒత్తులు బానే ఉన్నాయి, దీర్ఘాలే ఎండిపోయాయి.

నీ డౌటు సంగతి. నీళ్ళు చల్లబడితే రాయి ఊపిరి బిగబడుతుంది. ఒక్కసారిగా వేడెక్కితే గ్యాసు ఎగదన్నుతుంది. ఇంక ఆ కొలత పనికిరాదు. అందుకే కదా నిన్ను తొట్టి దగ్గర కాపలా పెట్టి నేను కునుకు తీసింది.

ఇప్పుడు విను, నీకే ముందు చెప్తున్నా. ఆ నల్ల షేల్ పొరలోంచి తీసిన రాయితో రెండు డబ్బాలు నింపాం. ఒకటి నువ్వు కాపలా కాసింది, రెండోది పెద్దాఫీసు ల్యాబులో ఉంది. రెండోది మనదానిలో సగం గ్యాసు కూడా ఇవ్వలేదు. మూత కారి ఉంటుంది, "లీకు" అని రాసి పక్కన పెట్టేశాను. మనది మాత్రం, మధ్యలో కాస్త నీరసపడినా, తర్వాత గ్రాఫు మీద ఏనుగు లేచి నిలబడ్డట్టు లేచింది. ఇలాంటి రాయి కోసం నేను పదేళ్ళుగా బూట్లు అరగదీస్తున్నానే.

మా డ్రిల్లరుగారు, "ఇన్నాళ్ళకి ఒక రాయి మీ మాట విన్నది మేడమ్" అన్నారు. మనుషులెవరూ వినరని దెప్పడం.

వచ్చే నెల మొదట్లో పెద్దవాళ్ళ మీటింగు. ఈ నేల కింద తవ్వేంత గ్యాసు ఉందా లేదా అన్నది నేనే చెప్పాలి. ఉందంటే చుట్టుపక్కల పొలాల్లో నలభై గ్యాసు బావులు తవ్వుతారు. అంతా నా మాట మీదే.

అక్కకి చెప్పు, దాని చెల్లెలు ఉత్త రాళ్ళు ఏరుకునేది కాదని.

ముద్దులతో
పిన్ని

*

ప్రియమైన పిన్నీ,

కంగ్రాట్స్. అమ్మకి చెప్పాను. చాలా సంతోషపడింది.

నీకో విషయం చెప్పడం మర్చిపోయాను. నువ్వు నిద్రపోతున్నప్పుడు కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసింది. నీళ్ళు కొంచెం చల్లబడ్డాయేమో, నేను సరిగ్గా చూడలేదు. పెద్ద విషయం కాదనుకుంటా. మీటింగులో ఒక మాట చెబితే మంచిదేమో. చెప్పకపోయినా పరవాలేదేమో. నీకే తెలుస్తుంది.

ఇక్కడ అందరం బాగున్నాం.

నీ
ముంగి

*

ముంగీ,

ఆ ల్యాబులో కరెంటు పోతే అలారం దెయ్యం పట్టినట్టు అరుస్తుంది. నేను చచ్చి పడున్నా లేచి కూర్చుంటాను. ఆ మధ్యాహ్నం అది అరవలేదు.

మామూలు వాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదు. నీ నోట్లో బండరాయి కూడా నానుతుంది. ఇన్నాళ్ళూ అది చూసి ముచ్చటపడ్డాను, ఇప్పుడు భయమేస్తోంది.

ట్యాంకరు బుధవారాలే వస్తుంది. నీ జవాబు అందే బుధవారం దాటిన శుక్రవారమే మీటింగు. నేను అరవను, తిట్టను. ఏం జరిగిందో రాయి.

పిన్ని

*

పిన్నీ,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు.

కరెంటు పోలేదు. హీటరు ప్లగ్గు నేనే పీకాను, నా ఫోను ఛార్జింగు పెట్టుకోడానికి. ఆ గోడకి ఒక్కటే సాకెట్టు ఉంది. తర్వాత మర్చిపోయాను. చెయ్యి పెట్టి చూసేసరికి నీళ్ళు చల్లగా ఉన్నాయి. నువ్వు లేస్తావని భయమేసింది. ఫోను పీకి, అదే సాకెట్టులో టీ కెటిల్ పెట్టి, నీళ్ళు మరగబెట్టి తొట్టిలో పోశాను, మళ్ళీ మళ్ళీ పోశాను. థర్మామీటరు నువ్వు పెట్టిన ఎర్రగీత దాటి పైకి పోయింది. అప్పుడు గొట్టంలో బుడగలు బుడబుడా వచ్చాయి. నీ గ్రాఫులో ఏనుగు నేను పోసిన వేడినీళ్ళు పిన్నీ.

ఇక్కడితో ఆపేద్దామని కాగితం మడిచాను. మళ్ళీ విప్పాను. ఫోను ఎందుకంత అర్జెంటో చెప్పలేదు కదా.

రాళ్ళ గురించి చెప్పడానికి నువ్వు మా స్కూలుకి వచ్చినప్పుడు అందరి చేతుల్లో తలో రాయి ముక్క పెట్టి, ముందుపళ్ళతో కొరకమన్నావు. గరగరలాడితే ఇసుక కలిసినట్టు, మెత్తగా జారితే ఒట్టి బంకమట్టి అని. నువ్వే ముందు కొరికి చూపించావు, బురద బూట్లతో, ప్రిన్సిపల్ మేడమ్ ముందు. అప్పట్నుంచి క్లాసులో నేను "రాళ్ళు తినే పిల్ల"ని. లంచ్ బాక్సు తీస్తే "ఇవాళ గ్రానైటా, సున్నపురాయా?" అంటారు. ఆవిడ మా పిన్ని కాదు, మా ఇంటి పక్కావిడ అని ఒకసారి చెప్పేశాను.

ఆ మధ్యాహ్నం నువ్వు స్టూలు మీద కూర్చుని, గోడకి ఆనుకుని, నోరు తెరిచి నిద్రపోతున్నావు. జుట్టునిండా రాతిపొడి. ఫోటో తీసి క్లాసు గ్రూపులో పెట్టాను. కింద "రాళ్ళావిడకి అరగడం లేదు" అని రాశాను. అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. వాళ్ళు నాతో కలిసి నవ్వడం అదే మొదటిసారి. బ్యాటరీ అయిపోతోంది, ఇంకా ఎవరెవరు నవ్వారో నాకు చూడాలనిపించింది. అందుకు పీకాను.

ఫోటో తర్వాత గ్రూపులోంచి తీసేశాను. అప్పటికే అందరూ చూసేశారు.

నన్ను ఇంక రమ్మనవని తెలుసు.

ముంగి

*

ముంగీ,

ఉత్తరం బుధవారం అందింది. ముందు మీటింగు సంగతి చెప్తాను, తర్వాత మనిద్దరి సంగతి.

లేచి నిలబడి, మొదటి డబ్బా లెక్క తీసెయ్యండి, నీళ్ళ వేడి తప్పింది అన్నాను. ఎవరి వల్ల అన్నారు. తొట్టి నాది, తాళం నాది, నిద్ర నాది అన్నాను. నీ ఊసు ఎత్తలేదు. నిన్ను కాపాడానని పొంగిపోకు. పదో క్లాసు పిల్లని కాపలా పెట్టి పడుకున్నానని చెప్పుకోడానికి నాకు సిగ్గేసింది.

నీకు చెప్పాల్సింది ఇంకొకటుంది. రాయి అలా లేవదని నాకు ఆ గ్రాఫు చూసినప్పుడే తెలుసు. ఈ పనిలో కొత్తగా చేరిన కుర్రాడైనా, నీళ్ళకేమైందని అడుగుతాడు. నేను అడగలేదు. నువ్వు "సైన్సు ప్రాజెక్టు" అని రాస్తే సరేననుకున్నాను. అడిగితే నువ్వు చెప్పేస్తావేమోనని అడగలేదే.

రెండో డబ్బా గుర్తుందా, లీకు అని రాసేశానన్నాను? దాని మూత బిగించింది నేనే. కారుతోందో లేదో చూడకుండానే లీకని రాశాను. అది చెప్పే మాట నాకు రుచించలేదు. మీటింగుకి ఒకరోజు ముందు వెళ్ళి, దాన్ని నీళ్ళలో ముంచి కూర్చున్నాను. ఒక్క బుడగ రాలేదు, మూత కారడం లేదు. ఈ నేలలో గ్యాసు ఉంది, నలభై బావులు తవ్వేంత లేదు. నిజం చెప్పినదాని మీద నేను నా చేతి రాతతో లీకని రాశాను. ఆ చీటీ గోకితే పూర్తిగా రాలేదు, సగం అక్షరం ఇంకా దాని మీదే ఉంది.

మీటింగులో అదీ చెప్పాను. ఎవరూ నా మొహం చూడలేదు. ఇంకోచోట ఒక బావి తవ్వి మళ్ళీ కొలవమన్నారు. కొలిపించడానికి వేరే ఆయన వస్తున్నాడు, నేను ఆయన కింద. క్యాంపుకి తిరిగొస్తే డ్రిల్లరుగారు, "ఏం మేడమ్, రాయి మాట తప్పిందా?" అన్నారు. "రాయి తప్పలేదండీ" అన్నాను. ఆయన తన టీ నాకిచ్చి వెళ్ళిపోయారు.

ఇక ఫోటో. బాధేసింది. నోరు తెరిచి పడుకున్న ఫోటో పెట్టినందుకు కాదు, ఇంటి పక్కావిడనైనందుకు. అది పోవడానికి టైము పడుతుంది, తొందరపెట్టకు. అక్కకి నేను చెప్పను. చెప్పాల్సిన నోరు నీకుంది.

వచ్చే సెలవులకి రా. కొత్త రాయి పైకొచ్చేటప్పుడు మూత మనిద్దరం కలిసి బిగిద్దాం. ఫోను బయట పెట్టి రావాలి. నేను నిద్ర బయట పెట్టి వస్తాను.

వచ్చేటప్పుడు ఆ ఫోటో ప్రింటు తీయించి తీసుకురా. కొత్తాయన వచ్చాక నా బల్ల మీద పెట్టుకుంటాను. ఆ రోజు ఆ గదిలో ఉన్నదున్నట్టు చూపించింది అదొక్కటే.

ఇట్లు
మీ ఇంటి పక్కావిడ