రెండు బకెట్ల పరీక్ష

మంగళవారం రాత్రి, కిష్టారెడ్డిపేట

ఈసారి కూడా నల్లా నీళ్లలో వేసిన చేపలే చచ్చినయి. బోరు నీళ్లలోవి హాయిగా తిరుగుతున్నయి.

ఫ్యాక్టరీలు మా బోర్లను విషం చేసినయని పక్కింటి సుధాకర్‌కు నిరూపించాలని మొదలుపెట్టిన పరీక్ష ఇది. పోల్చి చూసేందుకే పక్కన నల్లా నీళ్లు పెట్టిన. ఇంటిల్లిపాదీ తాగేది అవే కాబట్టి వాటిని అనుమానించాలని తోచలేదు.

నేను రిటైరయ్యేదాకా పనిచేసిన మందుల కంపెనీలో సుధాకర్ నా మేనేజర్. ల్యాబ్‌లో శాంపిల్ ఫెయిలైతే "మల్ల చెయ్" అనేటోడు. పాసయ్యేదాకా చేయించి, పాసైందే రాయించేటోడు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మొదటిసారి చేపలు చచ్చినప్పుడు గోడ మీది నుంచి తొంగిచూసి నవ్విండు. "ఏం సైంటిస్ట్ సాబ్, ఏమంటున్నది నీ సైన్సు?"

"ఒక్కసారికే ఏం తేలదు. మల్ల చెయ్యాలె."

"జిందగీ అంత నేను చెప్పింది గదే గదా!"

నిజం వెతికేటోడూ అదే మాట అంటడు, దాచేటోడూ అదే అంటడు. అయినా బకెట్లు కడిగి, దీని నీళ్లు దాంట్ల, దాని నీళ్లు దీంట్ల పోసి మార్చిన. చేపలను చంపుతున్నది క్లోరినేమోనని, అది పోయేదాకా నీళ్లను ఎండలో ఉంచిన. ఫలితం మారలేదు. చేపలను చంపిన నీళ్లకు రంగు లేదు, వాసన లేదు.

భోజనమయ్యాక కోడలితో ఇగ నల్లా నీళ్లు ముట్టొద్దన్న.

"ఎందుకు మామా?"

"ఇంకా తెల్వదు."

"మరి ఇప్పుడు మీరు తిన్న అన్నం ఏ నీళ్లతోని వండిననుకుంటున్నరు?"

మనవరాలు అప్పటికే తిని పడుకున్నది. ఇది రాస్తూ మధ్యమధ్యల లేచిపోయి దాని ఊపిరి విని వస్తున్న.