కొత్త వెర్షన్‌కి సుభాని హామీ

అల్ ఖోబర్,
ఫిబ్రవరి 1991

నా ప్రాణమైన హాజిరాకు,

సలాం. క్షేమంగానే ఉన్నాను. సైరన్ మోగితే గ్యాస్ మాస్క్ తగిలించుకుని గదిలో కూర్చుంటాం, ఆగితే మళ్లీ పనికి పోతాం. చావంటే భయం పోయింది గానీ, కాన్పు నాటికి నీ దగ్గర ఉండలేనేమోనన్న దిగులే నన్ను తినేస్తోంది. మొదటి బిడ్డ పోయినప్పుడు నేను ఇక్కడే ఉండిపోయాను. ఈసారి నీ పక్కనే ఉంటానని మాటిచ్చాను కదా!

పాస్‌పోర్టు నన్ను పనిలో పెట్టుకున్న యజమాని, ఆ కఫీల్ దగ్గరుంది. "యుద్ధం వచ్చి వ్యాపారం పడుకుంది. ఒక్క పాత కస్టమర్‌తోనైనా మనం అమ్మే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కొనిపించు, నువ్వు ఇంటికి పోయే ఎగ్జిట్ వీసా మీద సంతకం పెడతా" అన్నాడు. పిచ్చివాడిలా తిరిగాను. ఎక్కడికెళ్లినా ఒకటే మాట, పాతది బాగానే నడుస్తోంది కదా అని. అజీజియాలో స్పేర్‌పార్టుల గోదాము చూసే హైదరాబాదీ నయీమ్ అయితే మొహం మీదే నవ్వాడు. "అరె భాయ్, నెత్తి మీద మిస్సైల్ పడ్తుంటే నీకు కొత్త వెర్షన్ లొల్లేంది?"

నేను వదల్లేదు. నయీమ్ యజమాని అబూ సాలెహ్ ముందే కూర్చున్నాను. పాతదాంట్లో ఒకడు బిల్లు కొడుతుంటే ఇంకొకడు కాచుక్కూర్చోవాలి, కొత్తదాంట్లో నలుగురూ ఒకేసారి పని చేసుకోవచ్చని చేసి చూపించాను. ముసలాయన స్క్రీన్ వైపు చూడనే లేదు, నా మొహమే చూశాడు. "నా పాత లెక్కలు పోతే ఎవడొస్తాడు?" అన్నాడు. "నేనొస్తా" అన్నాను. "వల్లాహి?" "వల్లాహి." నిన్ను తలుచుకునే ఒట్టేశాను హాజిరా, ఇంకేమీ ఆలోచించలేదు. ఆయన సంతకం పెట్టేశాడు.

కాగితంలో ఏం రాశారో చదవకుండానే పట్టుకుని కఫీల్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన చదివి తల అడ్డంగా ఊపాడు. "ఆయన నిన్ను చూసి కొన్నాడయ్యా. ఏడాదిపాటు ఏ ఇబ్బంది వచ్చినా సుభానే రావాలని రాయించాడు. ఇప్పుడు నిన్నెట్లా పంపేది?"

నా నోరే నా కొంప ముంచింది. అబూ సాలెహ్ కాళ్లు పట్టుకుందామనుకున్నాను. ఒట్టేసి ఇప్పుడు ఏ మొహంతో పోను? మన బిడ్డను నడక వచ్చాకే చూస్తానేమో. నిన్ను క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

నీ సుభాని


రాయచోటి,
మార్చి 1991

ఏమండీ,

మీ ఉత్తరం చదివాక పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. ఇక దాచలేను. యుద్ధం మొదలైన వారంలోనే నాకు కడుపు పోయింది. అత్తమ్మ టెలిగ్రాం ఇద్దామంటే నేనే చేతులు పట్టుకుని ఆపాను. మొదటిసారి ఆ కబురు విని మీరు అన్నం మానేసి మంచాన పడ్డారు. ఈసారి పైన బాంబులు కూడా. ఇంటి దగ్గర బిడ్డ ఉందన్న ఆశ ఉంటే ఎట్లాగైనా బతికి బయటపడతారనుకున్నాను. ఆ ఆశే మీ చేత ఒట్టు వేయించి అక్కడ కట్టేస్తుందని నాకేం తెలుసు!

మీరు మాట తప్పలేదండీ. మీరు రావాల్సిన కాన్పే ఇక్కడ లేదు. ఆ ముసలాయనకు చెప్పినట్టే ఏడాది ఉండండి. అది అయ్యాక మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఈసారి బిడ్డ కోసం కాదు. నేనున్నానని రండి.

హాజిరా