వంటగది గడప మీద గీసిన సున్నపు గీత

భూగర్భ మంటల పునరావాస విభాగం అధికారి గారి సముఖమునకు,
గని కాలనీ చివరి వీధిలోని ఇటుకపనివాడి కుమార్తె వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా ఇంటి వంటగది ప్రమాద ప్రాంతంలోను, ముందుగది సురక్షిత ప్రాంతంలోను ఉన్నట్లు గీసిన గీతను, ఇల్లంతా ఒకే వైపు ఉండునట్లు సవరించుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా ఇల్లు రెండు గదులు. కింద మూసేసిన గని ఉన్నది. అందులో మిగిలిపోయిన బొగ్గు కాలుతున్నదని తమ కార్యాలయానికి తెలిసిన విషయమే. వేడి మొదట వంటగది నేలకు వచ్చింది. మా అమ్మ అది పొయ్యి వేడి అనుకున్నది. పొయ్యి చల్లారినా నేల చల్లారలేదు. అప్పటికే వీధిలోని పిల్లులకు సంగతి తెలిసినట్టుంది, ఒక్కొక్కటీ వచ్చి మా వంటగదిలో పడుకోవడం మొదలుపెట్టాయి. తడి బట్టలు నేలమీద పరిస్తే తెల్లారేసరికి ఆరిపోయేవి. కొన్నాళ్ళు ఇది మాకు సౌకర్యంగానే ఉన్నదని ఒప్పుకుంటున్నాను.

2. తమ సర్వేయరు గారు వచ్చి, నేలలో ఇనుపకడ్డీ దించి, వేడి చూసి, మా వంటగది గడప మీదుగా సున్నంతో గీత గీశారు.

“గీత ఇంటి మధ్యలోంచి పోతోంది సార్” అన్నాను.

“నేను గీయలేదమ్మా, మ్యాపు గీసింది” అన్నారు.

“అయితే అటు వండుకుని ఇటొచ్చి తినాలా నాయనా?” అని మా అమ్మ అడిగింది. ఆయన నవ్వి, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. తరువాత నోటీసు వచ్చింది. ప్రమాద ప్రాంతంలోని కట్టడమును తక్షణం ఖాళీ చేయవలెనని, బదులుగా ఏటి అవతలి కొత్త కాలనీలో సదరు కట్టడం విస్తీర్ణం మేరకు, అనగా ఒక వంటగది మేరకు, స్థలం ఇచ్చెదరని అందులో ఉన్నది. తమ గుమాస్తా గారిని కలిశాను. “ఇక్కడ పడుకోండి, వంట అక్కడ చేసుకోండి. బస్సుంది కదా” అన్నారు. వారు వేళాకోళం ఆడటం లేదు.

3. మా నాన్న గనిలో ఇటుకపని చేసేవాడు. గనిలో మంట పుడితే నీళ్ళతో ఆర్పలేరు. మంట ఉన్న సొరంగం దారికి అడ్డంగా గోడ కట్టి, గాలి అందకుండా చేసి వదిలేస్తారు. ఆ గోడలు కట్టడం ఆయన పని. కట్టాక రోజూ వెళ్ళి చెయ్యి తిరగేసి గోడకు ఆన్చి చూసేవాడట. “అరచెయ్యి కాయలు కాసిపోద్ది, దానికేం తెలీదు. వెనక చర్మం అబద్ధమాడదు” అనేవాడు. మా ఇంటి కింది మంటకు కూడా ఆయనే గోడ కట్టాడు. అది దాటి రాదని ఆయన నమ్మకం.

పని మానేశాక ఆయన ఛాతీ నిండా బొగ్గుపొడే. పడుకుంటే దగ్గు, కూర్చుంటే ఆయాసం. వంటగది నేల మీద పడుకుంటే మాత్రం ఊపిరి ఆడుతున్నదని పక్క అక్కడికి మార్చుకున్నాడు. నోటీసు చదివి వినిపించాను. నేను మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని కనుక కాలనీ వాళ్ళ నోటీసులన్నీ నేనే చదువుతాను, అర్జీలన్నీ నేనే రాస్తాను. తమ కార్యాలయం మాటలు మా నాన్నకు ఇష్టం. అన్నం తిన్నావా అని అమ్మ అడిగితే “పరిశీలనలో ఉన్నది” అనేవాడు.

“ఖాళీ చెయ్యాలట నాన్నా” అన్నాను.

“బతుకంతా ఈ బొగ్గు దగ్గరికి నేను పోయానే తల్లీ. ఇప్పుడదొచ్చి నా వీపు కాస్తోంది. కాయనీ.”

కాలేజీ పుస్తకంలో చదివింది చెప్పాను. బొగ్గు తవ్విన నేలల కింద ప్రపంచంలో చాలా చోట్ల మంటలున్నాయని, కొన్ని మా ముత్తాతల నాటి నుంచీ ఆరలేదని అందులో ఉన్నది. ఫొటోలు ఉన్నాయి. ఊరంతా ఖాళీ అయి తలుపులు తీసి ఉన్న బడి. పగుళ్ళలోంచి ఆవిరి వచ్చే రోడ్డు. చుట్టూ మంచు కురిసినా ఒక ఇంటి పెరట్లో మాత్రం అది నిలవని నేల. ఆ ఊళ్ళ భాషలు నాకు రావు. ఆ నేల నాకు తెలుసు. (ఇదే విషయం గుమాస్తా గారితో చెప్పగా “ప్రపంచం సంగతి మనకెందుకమ్మా, నీ వంటగది సంగతి రాయి” అన్నారు. రాస్తున్నాను.)

మా నాన్న ఆ ఫొటోలు చూసి, గనిలో వాడిన పాత దీపం వెలిగించి నేలమీద పెట్టాడు. లోపల చెడుగాలి ఉంటే దీపం కుంగిపోతుంది, పేలే గాలి ఉంటే మంట సాగుతుంది. అది నిటారుగా నిలబడింది.

“చూడు, ఎలా నిలబడిందో. నీ పుస్తకం కంటే దీని వయసు పెద్దది” అన్నాడు. రోజూ అలాగే దీపం పెట్టి, చూసుకుని, పడుకునేవాడు.

ఒకరోజు పొద్దున అమ్మ టీ తీసుకుని వెళ్ళింది. దీపం ఇంకా నిటారుగానే వెలుగుతోంది. ఆయన లేవలేదు. పక్కన పడుకున్న పిల్లులు కూడా లేవలేదు. అమ్మ గ్లాసు కింద పెట్టి, దీపం ఊది, అప్పుడు నన్ను పిలిచింది. ఆయన ముఖం ఎన్నడూ లేనంత ఎర్రగా ఉంది. పక్కింటి పిన్ని చూసి “ఎంత కళగా ఉన్నాడే” అన్నది. నిజమే. కింద కుములుతూ కాలే మంట నుంచి వచ్చే విషవాయువుకు వాసన గాని రంగు గాని ఉండదని, అది ఊపిరికే తెలుస్తుంది గాని దీపానికి తెలియదని, ముఖానికి ఆ ఎరుపు తెచ్చింది కూడా అదేనని డాక్టరు గారు చెప్పారు.

4. నాన్న పోయాక పరిహారం కోసం మేము పెట్టుకున్న అర్జీకి తమ కార్యాలయం జవాబు ఇచ్చినది. మరణించిన వ్యక్తి ఖాళీ చేయమని ఆదేశించిన భాగంలో నిద్రించినందున బాధ్యత అతనిదేనని, మిగిలిన భాగమునకు ప్రమాదం లేదని. దానిని అమ్మకు చదివి వినిపించాను. ఇంకోసారి చదవమన్నది. చదివాను. “ఎక్కడా తడుముకోకుండా చదివావు” అన్నది.

5. ప్రస్తుతం మా అమ్మ అదే చోట పక్క వేసుకుంటున్నది. వెనక తలుపు, కిటికీ నేను తీసి పెడుతున్నాను. ఆమె లేచి మూస్తున్నది, మళ్ళీ తీస్తున్నాను. మెలకువ వచ్చినప్పుడల్లా “అమ్మా” అంటాను. “ఆఁ, ఉన్నా” అంటుంది. ముందుగదిలోకి రమ్మంటే ఒకటే మాట. “సగం ఇల్లు ఖాళీ చెయ్యడం ఎక్కడైనా ఉందా? ఇల్లంతా చెయ్యమను, లేస్తా.” ఆమె మాట మీద నిలబడే మనిషి. నేను పిలిచినప్పుడు ఆమె పలకని రోజు వస్తుందని నాకు తెలుసు. ఈ అర్జీకి కారణం అదొక్కటే.

6. గీతను వంటగది గడప నుంచి వీధి గడపకు జరిపితే చాలునని గుమాస్తా గారిని అడిగాను.

“మీకు జరిపితే పక్కింటి వాళ్ళూ జరపమంటారు.”

“జరపండి సార్. వాళ్ళ కిందా అదే గని.”

“అలా జరుపుకుంటూ పోతే నా టేబుల్ కిందికొస్తుందమ్మా!” అని ఆయన నవ్వారు. వెనక వరసలో నిలబడ్డ వాళ్ళు కూడా నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను.

కావున తమరు దయయుంచి గీతను ఒక గది మేరకు జరిపించి, మా అమ్మను లేపుటకు నాకు ఒక కాగితం ఇప్పించవలసినదిగా ప్రార్థన. ఆ కాగితాన్ని ఆమెకు తడుముకోకుండా చదివి వినిపించగలను.

ఇంతకు మించి అడిగేది లేదు, చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఇటుకపనివాడి కూతురు

తా.క. ఈ అర్జీ ముందుగదిలో నేలమీద కూర్చుని రాశాను. లేవబోతూ చెయ్యి కింద ఆన్చాను. మళ్ళీ చెయ్యి తిరగేసి ఆన్చాను. అమ్మను పిలిచాను. ఆమె కూడా చెయ్యి తిరగేసే ఆన్చింది. కాసేపు అలాగే ఉంచి, “వచ్చేసిందే” అన్నది.

గీత జరపమని పైన కోరాను. ఆ శ్రమ తమకు అక్కర్లేదు.

అమ్మ లేచి పక్క చుడుతున్నది. ఎక్కడికమ్మా అంటే “మీ సారు ఆఫీసుకి. అక్కడ నేల ఇంకా చల్లగానే ఉండుంటుంది” అన్నది. కనుక ఈ అర్జీని పోస్టులో వేయడం లేదు. పొద్దున ఆఫీసు తలుపులు తీసే వేళకు ఇద్దరం పక్కచుట్టతో వస్తున్నాం. నేనే చేతికిస్తాను.