తీసేసిన ఒక్క తనిఖీ

డాలీగంజ్, మంగళవారం రాత్రి

ఈ రోజు నా ప్రోగ్రామ్ అప్పల్రాజు మావయ్య బోటును రాళ్ల మీదికి తీసుకెళ్లింది.

ఆ ప్రోగ్రామ్ నడిచేది, బోటు రాళ్ల దగ్గరికొస్తే కూత పెట్టాల్సిన చిన్న పెట్టెలో. అందులోని చిప్ పాతది కావడంతో హెచ్చరిక ఆలస్యంగా వచ్చేది. నా ప్రోగ్రామును మెషిన్ భాషలోకి మార్చే ముందు కంపైలర్ ఒక మధ్యంతర కోడ్ తయారుచేస్తుంది. పోయిన వారం దాన్ని నేనే చేత్తో దిద్దాను. శాటిలైట్ సిగ్నల్ ఉందా లేదా అని ప్రతిసారీ చూసే తనిఖీని తీసేశాను. వేగం రెట్టింపయింది. ఎంత మురిసిపోయానో.

పొద్దున వండూర్ తీరం దాటాక సిగ్నల్ పోయింది. పెట్టె మాత్రం పాత చోటునే చూపిస్తూ పచ్చ లైటు వేసుకుని కూర్చుంది. నీళ్ల రంగు చూసి మావయ్య బోటు తిప్పాడు కాబట్టి సరిపోయింది. అప్పటికే అడుగు చెక్క గీసుకుపోయింది.

"మెషిన్ కదమ్మా, గల్తీ హో జాతా," అన్నాడు జెట్టీ దగ్గర, మెషిన్లు పొరపాటు చేయడం మామూలే అన్నట్టు. నేను తల ఊపి వచ్చేశాను.

ఇంటికొచ్చి ఆ తనిఖీ మళ్లీ పెట్టాను. వేగం పడిపోయింది. చివరికి ఫోన్ చేశాను.

"తప్పు మెషిన్‌ది కాదు మావయ్యా, నాది. తొందరగా పలకాలని ఒక లైను తీసేశాను."

ఆయన ఒక్కటే అడిగాడు.

"మళ్లీ ఎట్టీసినావా?"

"పెట్టాను."

"అయితే రేపు పొద్దున్నే రా. ఈపాలి నువ్వు కూడా బోటెక్కు."

వస్తానన్నాను. నాకు ఈత రాదని ఆయనకు తెలుసు.