దావావ్‌లో తమ్ముడు తిన్న కూర

డేలీ సిటీ, కాలిఫోర్నియా
ఆదివారం

ప్రియమైన అమ్మకు,

నీ కూతురు సుజన ప్రేమతో చెప్పే వందనాలు. దేవుని దయవల్ల నేనూ మీ అల్లుడూ బాగున్నాం. నీ మోకాలి నొప్పి తగ్గిందా? నాన్న బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నారా? నా గురించి దిగులు పెట్టుకోకు.

ఫోన్ చెయ్యకుండా ఇది ఉత్తరం రాస్తోందేమిటా అనుకుంటావు. తమ్ముడు సుధీర్ పేరెత్తగానే నువ్వు ఫోను నాన్న చేతికిచ్చేస్తావు. తప్పు పట్టడం లేదమ్మా. కానీ ఇది నీకే చెప్పాలి.

మేముండే కాపెల్ నుంచి ఆఫీసువాళ్ళు నన్ను మూడు వారాల పని మీద ఇక్కడికి పంపారు. టెక్సస్‌లో ఎండలు మాడ్చేస్తుంటే ఇక్కడ మధ్యాహ్నం కూడా పొగమంచే. స్వెటర్ లేకుండా బయటికి రాలేం. హోటల్ గదిలో ఒక్కదాన్నే, సాయంత్రమైతే ఏమీ తోచదు. ఈ ఊళ్ళో ఎటు చూసినా ఫిలిప్పీన్స్ వాళ్ళే. వాళ్ళు మాట్లాడుకుంటుంటే తమ్ముడే గుర్తొచ్చేవాడు. వాళ్ళ దేశంలో, దావావ్‌లో చదివిన మూడేళ్ళూ వాడి చెవిన పడింది ఇలాంటి మాటే కదా అనుకునేదాన్ని.

వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజున ఎవరో అన్నారు, ఆ దేశంలో మనం తినేదేదీ దొరకదట అని. అప్పట్నుంచీ నీది ఒకటే మాట. "నా బిడ్డ కడుపు మాడ్చుకుని చదివాడు, అందుకే ఆ జ్వరానికి తట్టుకోలేకపోయాడు" అని. డెంగ్యూ అని డాక్టర్లు ఎంత చెప్పినా నువ్వు వినలేదు. చివరిసారి ఫోన్‌లో ఏం తిన్నావురా అని నువ్వడిగితే "ఏదో తిన్నాలేమ్మా" అన్నాడట. ఆ ఏదో ఏమిటో చూడాలనిపించింది నాకు.

మొదట ఫోన్‌లో వెతికి, బాగా పేరున్న రెస్టారెంట్‌కి వెళ్ళాను. బల్ల మీద కొవ్వొత్తులు, పెద్ద పళ్ళెం మధ్యలో పిడికెడు కూర. బిల్లు చూసి అదిరిపోయాను. చదువుకునే పిల్లాడు ఇలాంటి చోట ఎందుకు తింటాడు? మర్నాడు మా హోటల్‌లో గదులు శుభ్రం చేసే లిజాను అడిగాను. ఆవిడదీ ఆ దేశమే. నవ్వింది. "అక్కడికి మేమెవరమూ వెళ్ళం. లాండ్రీ పక్కన కిరాణా కొట్టుంది, దాని వెనక వండి పెడతారు. నీకేది కావాలో వేలితో చూపించు, చాలు" అంది.

శుక్రవారం మధ్యాహ్నం వెళ్ళాను. అద్దం వెనక స్టీలు గిన్నెలు వరసగా ఉన్నాయి. గరిటె పట్టుకున్న పెద్దావిడ ఏం కావాలని ఇంగ్లీషులో అడిగింది. "మా తమ్ముడు మీ దేశంలో, దావావ్‌లో మెడిసిన్ చదివాడు. అలాంటి పిల్లలు తక్కువలో కడుపునిండా ఏం తింటారో అది పెట్టండి" అన్నాను.

"ఈవేళ శుక్రవారం కదా, అయితే ఇదే" అని మూత తీసింది.

అమ్మా, అది పెసల కూర. మెత్తగా ఉడికిన పచ్చపెసలు, వెల్లుల్లి వాసన, అందులో ఏదో ఆకు. ఏం ఆకండీ అంటే "మలుంగాయ్" అంది. మన మునగాకే. శుక్రవారం మాంసం వెయ్యరట, పక్కన వేయించిన ఎండుచేప పెట్టింది. వానలప్పుడు నువ్వు వండే కూరే, కారం ఒక్కటే లేదు.

పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "నచ్చలేదా?" అని ఆవిడ కంగారుపడింది. తమ్ముడు పోయాడని చెప్పాను. గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఇవతలికొచ్చి నా దగ్గర కూర్చుంది.

"వాడు అక్కడ ఆకలితో ఉన్నాడని మా అమ్మ ఏడుస్తుంది" అన్నాను.

"మీ అమ్మతో చెప్పు. పెళ్ళికి ముందు మా ఊళ్ళో నేనూ ఇలాంటి కొట్టే నడిపాను. చదువుకునే పిల్లలొస్తే పులుసు ఊరికే పోసేవాళ్ళం. అన్నం మళ్ళీ అడిగితే లేదనేవాళ్ళం కాదు. మాది దావావ్ కాదు, మీ వాడు నాకు తెలీదు. కానీ వాడికి వడ్డించింది నాలాంటి మనిషే అయ్యుంటుంది" అంది.

ఇంకొకటి చెప్పాలమ్మా, ఇన్నాళ్ళూ ధైర్యం చాల్లేదు. జ్వరం రావడానికి వారం ముందు వాడు నాకొక ఫోటో పంపాడు. "అక్కా, ఇదేంటో చెప్పుకో" అని. మీటింగ్‌లో ఉండి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. జవాబివ్వనే లేదు. ఆ తర్వాత అది తెరవాలంటేనే భయమేసేది. ఆ బల్ల దగ్గర కూర్చుని తెరిచాను. అదే కూర, అదే ఎండుచేప, పళ్ళెం నిండా అన్నం, పక్కన చిన్న గిన్నె. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గిన్నె మీద వేలు పెట్టింది. "చూశావా, పులుసు పోశారు" అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడా ఏడ్చింది.

ఫోటో ప్రింట్ తీయించి దీంతో పంపుతున్నాను. వాడు ఆకలితో పోలేదమ్మా, డెంగ్యూతో పోయాడు. ఆ బాధ ఎటూ పోదు. ఈ నింద మాత్రం నీ మీద వేసుకోకు.

నువ్వు రాత్రిపూట అన్నం మానేశావని పెద్దమ్మ చెప్పింది. నాన్న పిలిస్తే ఆకలి లేదంటున్నావట. ఫోటో పట్టుకుని ఎంతసేపు ఏడవాలనిపిస్తే అంతసేపు ఏడువు. తర్వాత లేచి మొహం కడుక్కుని, నాన్న పక్కన కూర్చుని రెండు ముద్దలు తిను. నా కోసమైనా తిను.

నాన్నకూ పెద్దమ్మకూ పాస్టరుగారికీ నా వందనాలు చెప్పు. ప్రార్థనలో నన్ను మరిచిపోకు.

నీ దీవెన కోరుకునే,
నీ పెద్దకూతురు
సుజన