పండు నేర్చుకున్న మాట

నాన్నగారూ,

ఇవాళ మీ సంవత్సరీకం పెట్టాం. మన కడియం నర్సరీకి కాపలా ఉంటుందని మీరు తెచ్చిన కుక్కపిల్ల పండు ఇప్పుడు నా మోకాలు దాటి పెరిగింది.

"రెండు నెలల పిల్లకి ఏం చెప్పినా ఇట్టే పట్టేస్తుందమ్మా" అన్నారు మీరు, రాజమండ్రి ఆసుపత్రికి బయల్దేరుతూ. మీరు తిరిగొచ్చేసరికి చూపించాలని బిస్కెట్ ముక్కలు పెట్టి నేర్పాను. "నాన్నగారు" అనగానే పరుగున వెళ్లి గేటు దగ్గర కూర్చోవాలి. మూడు రోజుల్లో నేర్చేసుకుంది. ఐదో రోజు మిమ్మల్ని వ్యానులో తెచ్చి దించినప్పుడు అది అక్కడే కూర్చుని ఉంది.

ఆ మాట మరిపించడం ఏడాదిగా నా వల్ల కాలేదు. బిస్కెట్లు మానేశాను, కసిరాను, ఒకసారి కొట్టాను కూడా. చివరికి ఇంట్లో మేమే ఆ మాట అనడం మానేశాం.

ఇవాళ భోజనాల దగ్గర పిన్ని మరిచిపోయి, "మీ నాన్నగారికి గారెలు వేడిగా ఉండాలి" అంది. పండు లేచి పరిగెత్తింది.

"పాపం, ఎండలో కూర్చుందే. పిలువు దాన్ని" అంది పిన్ని.

పిలవబోతూ అమ్మ వైపు చూశాను. గారెల పళ్లెం పట్టుకుని, అమ్మ కూడా గేటు వైపే చూస్తోంది.