జిగురు చూడటం

మార్చి 4
పుస్తకం మధ్యలో మళ్ళీ కుట్టు తప్పింది. సూదిలో దారం ఎక్కించడానికే సగం పొద్దు పోతోంది. నడుస్తుంటే నేల పక్కకు జరుగుతున్నట్టుంది. అన్నయ్య నన్ను కుట్టు బల్ల దగ్గర్నుంచి లేపి కౌంటర్లో కూర్చోబెడతాడట. నాన్న పెట్టిన బైండింగ్ షాపులో చిన్నప్పట్నుంచి కుట్టిన చేతులివి. ఏడుపొచ్చింది. కోపం కూడా.

మార్చి 11, ఉదయం 11
న్యూరాలజిస్ట్ నన్ను గీత మీద నడవమంది. తూలాను. తాగి వచ్చావా ఏంటని మా ఆయన చెవిలో గొణిగాడు. గోధుమలో ఉండే గ్లూటెన్ కొందరికి పొట్టను వదిలేసి మెదడు మీద పడుతుందట. భయం కన్నా వింతే ఎక్కువైంది. రొట్టెకీ నా కాళ్ళకీ ఏం చుట్టరికం?

రక్తపరీక్ష మాత్రం ఇవాళ కాలేదు. వదిన ఫోన్లో ఏదో చదివి, ఒళ్ళు తేలికవుతుందని ముందే నాకు గోధుమ మాన్పించేసింది కదా. డాక్టరమ్మ తల పట్టుకుంది. తింటుంటేనే దొంగ దొరుకుతాడట. కొన్ని వారాలు రోజూ బ్రెడ్ తిని రమ్మంది.

మార్చి 12
బ్రెడ్. డాక్టరమ్మ ఆజ్ఞ. వెన్న నా సొంత ఆలోచన.

మే 2
రక్తంలో గ్లూటెన్ మీద పుట్టిన యాంటీబాడీలు బోలెడు. ఎంఆర్ఐలో చిన్నమెదడు కాస్త చిక్కినట్టు కనిపించింది. స్క్రీన్ మీద నా తలకాయ లోపలంతా చూశాను, భలే ఉంది. ఇక గోధుమ, మైదా, రవ్వ జన్మలో ముట్టకూడదు. మానేస్తే జబ్బు ముదరదు, పోయిందాంట్లో కొంత తిరిగి రావచ్చు అంది డాక్టరమ్మ. ఆ కొంతలో కుట్టు ఉందా అని అడిగాను. చూద్దాం అంది.

నవంబర్ 6
యాంటీబాడీలు దిగలేదు. చాటుగా ఏమైనా తింటున్నావా అని డాక్టరమ్మ మెల్లిగా అడిగింది. ఒట్టేశాను. ఇంటికి రాగానే మా ఆయన వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి చూశాడు. నమ్మలేదు. తూలి పడినా ఇంత నొప్పి లేదు.

నవంబర్ 9, సాయంత్రం
నన్ను తీసుకెళ్దామని మా ఆయన షాపుకొచ్చాడు. జిగురు చూశావా అని అన్నయ్య లోపల్నుంచి కేకేశాడు. చూశానన్నాను. మా ఆయన నా జిగురు వేలు వంకే చూస్తున్నాడు. నాలికతో చూస్తావా అన్నాడు. మరి దేంతో చూస్తారు? ఉడికిందా, పులిసిందా నాలికే చెప్పాలి. నాన్న అలాగే చూసేవాడు. మేమూ అంతే.

దేంతో కాస్తారు అని అడిగాడు.

మైదాతో.

ఇద్దరం బల్ల మీద కూలబడి పడీపడీ నవ్వాం. నేను వేసింది దొంగ ఒట్టు కాదు. తినలేదు, చూశాను అంతే! గిన్నె దించినప్పుడల్లా, రోజూ. నవ్వుతూనే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నిన్ను అనుమానించాను అన్నాడు. తెలుసు అన్నాను.

నవంబర్ 15
అన్నయ్య బియ్యప్పిండితో జిగురు కాస్తున్నాడు, పట్టు చాలదని సణుగుతూనే. దీన్ని నాకినా తప్పులేదు గానీ, పాడు అలవాటు, మానాలి. వేలు నోటిదాకా వెళ్ళి దిగింది. ఇప్పుడు చెవితో చూస్తున్నాను. పచ్చి జిగురు టపటపమంటుంది. ఉడికాక గొంతు మారుతుంది, బొద్దుగా, నిదానంగా. ఇన్నేళ్ళూ ఇది ఎందుకు వినలేదో.

జూన్ 20
సూదిలో దారం ఒక్కసారికే ఎక్కింది. ఎవరికీ చెప్పలేదు. తీసేసి మళ్ళీ ఎక్కించాను.